ఏడో గడిలో అన్నగారు

ధూమ్రదుర్గంలో సభామండపానికి పైకప్పు లేదు. దానికి బదులు పొగ ఉంది. నల్లరాతి స్తంభాలు బారులు తీరి లేచి ఆ పొగలోకి పోయి మాయమవుతాయి. ఒక్కొక్క స్తంభానికీ చుట్టుకుని పచ్చల కళ్ళ పాములు, ఆ పాముల పడగల మీద కెంపులు పొదిగిన గొడుగులు, గొడుగుల అంచున వెండి మువ్వలు. గాలి లేకపోయినా మువ్వలు మోగుతూనే ఉంటాయి. నేల మాత్రం నున్నటి తెల్లరాయి. దాని మీద ఎదురెదురుగా రెండు వరుసల గడులు, వరుసకు ఏడు చొప్పున, నల్లటి గీతలతో చెక్కి ఉన్నాయి. కట్టించినవాడికి సొమ్ముంది, మంత్రముంది, అభిరుచి ఒక్కటే తక్కువ.

ఆ గడుల మీద ఆడేదే రణపేక. మాంత్రికుడు పింగళజటుడు కనిపెట్టిన ఆట. ఎనిమిది రాజ్యాల నుంచి ఎనిమిది మంది వచ్చి ఎనిమిది రాతి మంచెలెక్కి కూర్చుంటారు. ఒక్కొక్కరి పక్కనా ఒక దీపం, ఎదుట ఒక పలక. పలక మీద దంతపు ముక్క పెడితే, ముక్క మీది బొమ్మ కింద గడిలో నిలువెత్తు మనిషిగానో మృగంగానో లేచి నిలబడుతుంది. గంట మోగేదాకా ఎవరిని ఏ గడిలో పెట్టాలన్నది ఆటగాడి ఇష్టం. గంట మోగాక అతని చేతిలో ఏమీ ఉండదు. బొమ్మలు వాటంతట అవే నరుక్కుంటాయి, పైనున్నవాడు నోరు మూసుకుని చూడాలి. ఓడినప్పుడల్లా దీపంలో నూనె తరుగుతుంది. కొత్త ముక్క కొనాలన్నా ఆ నూనెలోంచే ఒక ఉద్ధరిణె తీసి మాంత్రికుడి గిన్నెలో పోయాలి. దీపం ఆరిపోతే ఆటగాడే ముక్కై పింగళజటుడి పేకలో కలిసిపోతాడు.

ఆవేళ మధ్యాహ్నానికి ఎనిమిది దీపాల్లో రెండే వెలుగుతున్నాయి. ఒకటి లోహగిరి ముసలి మహారాణి కుముద్వతిది. రెండోది పుష్కలాపురి చిన్న యువరాజు శరభుడిది.

గెలిచినవాడికి దక్కే రాజ్యాల కోసం శరభుడు రాలేదు. కిందటేడు ఈ మంచె మీదే కూర్చుని ఓడి, ముక్కైపోయిన తన అన్న వీరభానుణ్ణి విడిపించుకుపోవడానికి వచ్చాడు. ఆట నియమంలో అందుకు ఒక సందుంది. పోరులో చచ్చిన ముక్కలు మరుసటి పోరుకు మళ్ళీ లేస్తాయి, చావు మాత్రం వాటికి ప్రతిసారీ కొత్తే. కానీ ఆఖరి పోరు ముగిసేసరికి గెలిచినవాడి వరుసలో ఎవరు ప్రాణాలతో నిలబడి ఉంటారో వాళ్ళు మళ్ళీ మనుషులై ఇంటికి పోతారు. పడిపోయినవాళ్ళు పేకలోనే ఉండిపోతారు.

ఒకే ఇంటివాళ్ళు రెండుసార్లు ఆడకూడదని విని శరభుడు గాజుల వ్యాపారి వేషంలో వచ్చాడు. ఆ వేషం కోట గుమ్మంలోనే చిరిగింది. ద్వారపాలకుడి భార్య చెయ్యి చాపితే ఆవిడకు ఏ కొలత గాజు పడుతుందో చెప్పలేక నీళ్ళు నమిలాడు. చిత్రమేమిటంటే పింగళజటుడు కోప్పడలేదు. నవ్వి, "పుష్కలాపురి బాబుకు మంచి మంచె చూపించండి," అన్నాడు. ఆ నవ్వు సంగతి శరభుడు అప్పుడే ఆలోచించి ఉండవలసింది.

మొదటిరోజు మాంత్రికుడి అంగడి తెరవగానే అన్నగారి ముక్క బయటపడింది. మామూలు ఖడ్గధారి, బలం తక్కువ. శరభుడు కళ్ళకద్దుకుని కొన్నాడు. కొని తిన్నగా మొదటి గడిలో నిలబెట్టాడు. ఎందుకంటే పుష్కలాపురిలో పెద్దవాడిది ఎప్పుడూ మొదటి చోటు. పెళ్ళి పంక్తిలోనైనా, ఊరేగింపులోనైనా, యుద్ధంలోనైనా అంతే. ఏడో గడిని మొదటినుంచీ ఖాళీగానే ఉంచాడు. రాజుగారి ఊరేగింపులో అందరికన్నా వెనక, చేతులకు తాడు కట్టి నడిపించేది రాజద్రోహిని. అక్కడ పిల్లలు ఆటల్లో కూడా చివర నిలబడరు, నిలబెడితే ఏడుస్తారు. అందుచేత శరభుడు ఎదుటివాళ్ళ ఏడుగురి మీదికి ప్రతిసారీ ఆరుగురినే పంపాడు.

రణపేకలో మొదటి గడివాడే మొదట చస్తాడు. అంటే తమ్ముడి భక్తి వల్ల వీరభానుడు ప్రతి పోరులోనూ అందరికన్నా ముందు చచ్చాడు. ఒకసారి తోడేలు గొంతు కొరికింది, ఒకసారి రాతిమనిషి తొక్కాడు, ఈ మధ్య వరుసగా కుముద్వతి గండభేరుండమే చీల్చేస్తోంది. మర్యాద అంటే ఏమిటో తెలిసినవాళ్ళ చేతిలో పడితే మనిషికి ఈ గతే పడుతుంది.

మంచె మెట్ల మీద కూర్చుని వక్క కొరుకుతోంది శివంగి. గారడీ చేసుకుని బతికే మనిషి, తాడు మీద నడిచేది, తాళాలు విప్పేది. దారిలో తోడు దొరికి ఇక్కడిదాకా వచ్చింది. శరభుడి మీద ఆమెకు అభిమానముంది, గౌరవం అంతగా లేదు.

"నూనె ఎంతుంది దొరా?" అని అడిగింది.

"ఒక్క ఉద్ధరిణె. అది పోస్తే వత్తి తడి మిగులుతుంది."

"ముసలమ్మకి?"

"ఆవిడదీ అడుగంటింది. ఈ పోరుతో ఎవరో ఒకరు ఆరిపోవలసిందే."

అంగడి తెరుచుకుంది. పొగలోంచి ముక్కలు ఒక్కొక్కటే వచ్చి శరభుడి ముందు వెల్లకిలా పడ్డాయి. చాలామటుకు పనికిరానివే. రెండే అతని కంటికి ఆనాయి. ఒకటి కూర్మవీరుడు, ఇంటి గోడంత డిప్ప వీపున మోసే యోధుడు, కొట్టడం రాదు, దెబ్బలు తినడమే వచ్చు. రెండోది మరొక ఖడ్గధారి.

అతని వరుసలో ఖడ్గధారులు అప్పటికే ఇద్దరున్నారు. ఒకరు అన్నగారు. ఇంకొకడు కురువింద దేశపు కుర్రరాజు. మొన్నటిదాకా పక్క మంచె మీద కూర్చుని, శరభుడికి మామిడితాండ్ర తుంచి పెట్టినవాడు. శరభుడే అతని దీపం ఆర్పాడు, శరభుడే ఆ ముక్కను కొన్నాడు. ఇప్పుడు మూడో గడిలో కత్తి పట్టుకుని నేల చూస్తున్నాడు.

"మూడోవాణ్ణి కొంటే ముగ్గురూ కలిసి ఒకే బంగారు ఖడ్గధారి అవుతారు," అన్నాడు శరభుడు నెమ్మదిగా. "వాడి ముందు గండభేరుండం ఆగదు. గెలుపు ఖాయం."

"ముగ్గురూ కలిస్తే ఆఖర్న బయటికొచ్చేది ఎవరు?" అంది శివంగి.

ఆ ప్రశ్నకు జవాబు కింద నుంచి వచ్చింది. జడలు నేల ఊడ్చుకుంటూ గడుల మధ్య తిరుగుతున్న పింగళజటుడు తల కూడా ఎత్తకుండా, "ఎవరూ రారమ్మా. బంగారం వస్తుంది," అన్నాడు.

శరభుడు ఆ ఖడ్గధారిని పక్కకు తోసేశాడు. ఉద్ధరిణెతో ఆఖరి నూనె తీసి గిన్నెలో పోసి కూర్మవీరుణ్ణి కొన్నాడు. దీపం రెపరెపలాడి సన్నటి మొగ్గలా నిలిచింది.

ఇక మిగిలింది అమరిక. ఎదుటి వరుసలో మొదటి గడిలో గండభేరుండం రెక్కలు విప్పుతోంది. దాని రెండు తలలకూ ఒకటే గుణం. మొదటివాణ్ణి చంపగా మిగిలిన దెబ్బ రెండోవాడి మీద పడుతుంది. శరభుడు మొదట ఎవరిని పెడతాడో కుముద్వతికి కంఠతా వచ్చు కనుక ఆ లెక్క మీదే ఆమె వరుసంతా కట్టుకుంది. ఆ లెక్క తప్పాలంటే మొదటి గడిలో కూర్మవీరుడు ఉండాలి. అన్న బతికి ఇంటికి రావాలంటే దెబ్బ అందనంత వెనక ఉండాలి. ఆరు గడులూ నిండిపోయాయి. అన్నకు మిగిలింది ఏడోది.

శరభుడి చెయ్యి పలక మీద ఆగిపోయింది. అతనికి చిన్నప్పటి ఊరేగింపు ఒకటి గుర్తొచ్చింది. వెనక తాడుతో నడిచిన మనిషి మీద ఊరు ఊరంతా ఉమ్మేయడం గుర్తొచ్చింది. వెంటనే దాన్ని మనసులోంచి తోసేశాడు.

"మీ అన్నగారికి ఒక మాట చెప్పండి," అంది శివంగి. "ఎందుకు అక్కడ పెడుతున్నారో. ముక్కలకు నోరు లేదుగానీ చెవులున్నాయని మొదటిరోజే చెప్పాడు ఆ జడలాయన. నిలబెట్టిన చోటు పేరే ముక్కకు అంటుకుంటుందని కూడా చెప్పాడు."

"పెద్దవాళ్ళు కింద నిలబడి ఉంటే పైన కూర్చుని మాట్లాడటం మా ఇంట్లో లేదు."

"దిగి చెప్పండి."

"ఆట నడుస్తుండగా మంచె దిగితే దీపం ఆరుతుంది. అన్నయ్యకు నా సంగతి తెలుసు, శివంగీ. ఆయనే అర్థం చేసుకుంటాడు."

"అర్థం చేసుకోవడం పెద్దవాళ్ళ పని, చెప్పకపోవడం చిన్నవాళ్ళ పని. బాగుంది మీ ఇల్లు," అని ఆమె వక్క ఉమ్మేసింది.

అవతలి మంచె మీద కుముద్వతి కూడా ముక్కలు సర్దుకుంటోంది. తమలపాకు నములుతూ, నడుం పట్టుకుంటూ, పలక చివరికి వంగింది. ఆమె ఏడో గడిలో మొదటినుంచీ ఒక చిన్నపిల్ల ఉంటుంది, తన ఎత్తుకు మించిన విల్లు పట్టుకుని. ప్రతి గంటకూ ముందు ముసలమ్మ ఆ పిల్లవైపు వంగి ఏదో గొణుగుతుంది. పిల్ల తలూపుతుంది. అది ముసలితనపు చాదస్తమని శరభుడు ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

అతను కళ్ళు పక్కకు తిప్పుకుని అన్న ముక్కను ఏడో గడిలోకి జరిపాడు.

కింద వీరభానుడు నడిచి వెళ్ళి చివర నిలబడ్డాడు. మొదటి గడిలో నిలబడ్డన్నాళ్ళూ ఎన్నడూ తల ఎత్తని మనిషి ఇప్పుడు ఎత్తి మంచెవైపు చూశాడు. శరభుడు అప్పుడు దీపం వత్తి సరిచేస్తున్నాడు. సరిచేయడానికి అందులో ఏమీ లేదు.

గంట మోగింది.

గండభేరుండం ఎగిరి రెండు ముక్కులతోనూ మొదటి గడిని పొడిచింది. మెత్తటి మెడ దొరుకుతుందనుకున్న చోట డిప్ప తగిలి ఒక ముక్కు విరిగింది. రెండో తల అరుస్తూ మళ్ళీ పొడిచింది. డిప్ప పగిలింది, కూర్మవీరుడు మోకాళ్ళ మీద కూలాడు, కానీ రెండో గడి మీదికి మిగలడానికి దెబ్బ లేదు. అక్కడి ఖడ్గమృగం ఆ సందులోంచి దూసుకొచ్చి పక్షి పొట్టలో కొమ్ము దింపింది. ఈకలు మండపమంతా లేచాయి.

అవతలినుంచి ఇద్దరు ఇనుప మల్లులు గొలుసులు విసిరి ఖడ్గమృగం కాళ్ళు లాగేశారు. ఇవతలినుంచి అగ్నిశిఖ అనే మంటలమనిషి ఒక మల్లుణ్ణి కావలించుకుంది. ఇద్దరూ కలిసే కరిగిపోయారు. శరభుడి తోడేలు రెండో మల్లుడి చెయ్యి తెంపింది, మల్లుడు మిగిలిన చేత్తోనే దాని నడుం విరిచాడు. కురువింద కుర్రరాజు నేల చూడటం మానేసి పరుగెత్తాడు. మల్లుణ్ణి పడగొట్టాడు, వాడి వెనకున్న నాగినిని నరికాడు, ఆ వెనకున్నవాడి బల్లెం గుండెల్లో దిగితే దాన్ని పట్టుకుని మరీ ముందుకు నడిచి వాణ్ణీ నరికి పడిపోయాడు. అతణ్ణి మామిడితాండ్ర తుంచి పెట్టే పిల్లవాడిగానే ఎరిగిన శరభుడు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అతని ఆరో గడివాడూ, ఎదుటి ఆరో గడివాడూ ఒకరి కత్తి మీద ఒకరు ఒరిగి ఉన్నారు.

తెల్లరాతి మీద ఇద్దరే మిగిలారు. ఇటు వీరభానుడు. అటు విల్లు పట్టుకున్న పిల్ల.

పిల్ల బాణం వేసింది. అది వీరభానుడి భుజంలో గుచ్చుకుంది. అతను దాన్ని పీకి పారేసి నడుస్తూ వెళ్ళాడు. వీధిలో చిన్నపిల్ల ఎదురైతే గుర్రం దిగే మనిషి వీరభానుడు. శరభుడికి అది తెలుసు. ఆయన ఆగుతాడేమోనని ఒక్క క్షణం భయపడ్డాడు కూడా. ఆయన ఆగలేదు. కత్తి లేచింది, దిగింది. మువ్వలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

కుముద్వతి ఏడవలేదు. ఆరిపోతున్న తన దీపాన్ని చూసి, అవతలి మంచెవైపు తిరిగింది. ఆమె అంచులు అప్పటికే దంతపు రంగుకు తిరుగుతున్నాయి.

"అబ్బాయీ," అంది, "నేను మా మనవరాలికి ప్రతిసారీ చెప్పాను, వెనక ఎందుకు పెడుతున్నానో. మీ దేశంలో ఆ చోటేమిటో నాకు తెలుసు. అందుకే నువ్వక్కడ ఆయన్ని పెట్టవని పందెం కట్టి ఓడాను. అది సరే. నువ్వు పెట్టినప్పుడు ఆయన మొహం నేను చూశాను. నువ్వు చూడలేదు."

మరుక్షణం మంచె మీద ఆమె లేదు. ఒక ముక్క మాత్రం టక్కుమని కిందపడింది.

శరభుడు మెట్లన్నీ మర్చిపోయి దూకాడు. గీతలు దాటుకుంటూ పరుగెత్తి అన్న కాళ్ళ మీద పడ్డాడు. ఆ పాదాలు వెచ్చగా ఉన్నాయి. బొమ్మవి కావు, మనిషివి.

"లే," అన్నాడు వీరభానుడు.

"అన్నయ్యా, ఇంటికి పోదాం పద."

వీరభానుడు కదల్లేదు. చేతులు ముందుకు చాపి తమ్ముడికి చూపించాడు. ఎవరూ కట్టకపోయినా రెండు మణికట్ల చుట్టూ తాడు ఒరిసిన గీతలు ఎర్రగా తేలి ఉన్నాయి.

"మొదట నిలబెట్టి ప్రతిసారీ చంపించావు. నేనేమీ అనుకోలేదు. పెద్దవాడి చోటు కదా అనుకున్నాను. ఈవేళ చేతులు కట్టి నడిపించే ద్రోహి చోట నిలబెట్టావు. ఏం చేశానా అని ఆలోచించాను. పోరు అయ్యేదాకా అదే ఆలోచించాను."

"నిన్ను బతికించడానికే అన్నయ్యా. వెనక ఉంటే దెబ్బ తగలదని."

"ఆ మాట నాకెప్పుడు చెప్పావు?"

శరభుడు నోరు తెరిచాడు. "పైన కూర్చుని, పెద్దవాళ్ళతో..."

"మాట్లాడకూడదు," అన్నాడు వీరభానుడు. "అవును. నీకు నేర్పింది నేనే."

శరభుడు అన్న చేతులు పట్టుకుని ఆ గీతలు బొటనవేళ్ళతో రుద్దాడు. అవి పోలేదు.

వెనకనుంచి పింగళజటుడు తీరిగ్గా వచ్చాడు. "పాపం, తమ్ముణ్ణి తప్పుపట్టకు వీరభానూ. మీ పుష్కలాపురి కోటకు నేలలోపలి దారి ఒకటుంది. అది ఇంటి పెద్దవాడికి తప్ప తెలియదు. కిందటేడు నువ్వు చెప్పలేదు. ముక్కయ్యాక చెప్పడానికి నీకు నోరు లేదు. నిన్ను మనిషిని చెయ్యడం నా చేతుల్లో లేదు, గెలిచినవాడి చేతుల్లోనే ఉంది. గెలిచి, పైగా నిన్ను ద్రోహి చోట నిలబెట్టేవాడు నాకు కావాలి. మీ ఆచారం తెలిసినవాడు అలా నిలబెడితేనే ఆ పేరు నీకు అంటుతుంది, అంటాక దారి నువ్వే చూపిస్తావు. గాజులమ్ముకుంటూ తనంతట తనే వచ్చాడు. ఎలా కాదంటాను?"

శరభుడు కత్తి దూశాడు. వీరభానుడి కత్తి అంతకుముందే లేచి తమ్ముడి గొంతు మీద ఆనింది. వీరభానుడు తన చేతివైపే వింతగా చూసుకున్నాడు.

"నాలో ఇప్పుడు ఇద్దరున్నారు తమ్ముడూ," అన్నాడు. "ఒకడు నిన్ను నమ్ముతున్నాడు. వాడికి బలం లేదు. నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే ఉండేది. వెళ్ళు. గెలిచినవాణ్ణి ఈ కోటలో ఎవరూ తాకరు. బయట దొరికితే నేనేం చేస్తానో నాకు తెలియదు."

అతను వెనక్కి తిరిగి మాంత్రికుడితో నడిచిపోయాడు. నడక మాత్రం పాత నడకే, ఎడమ భుజం కాస్త వంచి. శరభుడు కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అంత కష్టపడి గెలిచి తను విడిపించింది ఎవరినో అతనికి అప్పుడప్పుడే అర్థమవుతోంది.

శివంగి వచ్చి రెక్క పట్టుకుని లాగింది. "ఏడవడం తర్వాత చూసుకుందురుగాని. లాయం తాళం తీశాను. రెండు గుర్రాలున్నాయి. మీ కోటలో ఆ దారి ఎక్కడ తేలుతుందో తెలుసా?"

"తెలియదు. అన్నయ్య పట్టాభిషేకం నాడు నాకు చూపిస్తానన్నాడు."

"అయితే ఆయన వెనకే పోవాలి."

వాళ్ళు కోట గుమ్మం దాటేసరికి ధూమ్రదుర్గం సేన బయల్దేరిపోయింది. పొగతో చేసిన ఏనుగులు, పొగతో చేసిన రథాలు, ఎండలో నీడలేని రౌతులు, కొండ దిగి నది పొడుగునా పుష్కలాపురి దారి పట్టారు. ఆ సేన ముందు ఎవరున్నారో చూడటానికి శరభుడు రికాబుల మీద లేచి నిలబడ్డాడు. దూరంగా తెల్లగుర్రం మీద ఎడమ భుజం వంచిన మనిషి కనిపించాడు. వీరభానుడికి మళ్ళీ మొదటి చోటే ఇచ్చారు.

శరభుడు తలపాగా కొంగు ముక్కుకు చుట్టుకుని గుర్రాన్ని అదిలించాడు. ఆ సేనంతా రేపిన దుమ్ములో, అందరికన్నా చివర, అతను అన్న వెనక బయల్దేరాడు.